తడిసిన దిండు

వెన్నులోంచి తీసిన నీరు మా ల్యాబ్‌కు వస్తే ముందు కంటితోనే చూస్తాం. గాజు గొట్టం వెనక ఒక అచ్చు కాగితం పెడతాం. అక్షరాలు కడిగినట్టు కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటాం. మసకబారితే మైక్రోస్కోప్ దాకా పోకముందే సగం సంగతి తెలిసిపోతుంది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే ఈ నీటిని డాక్టర్లు సీఎస్ఎఫ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇందులో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండదు. తెల్ల రక్తకణాలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

ఆ రోజు వచ్చిన గొట్టంలో నీరు బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.

జగిత్యాల వైపు రైతు ఆయన. తల వెనక, చిన్నమెదడు దగ్గర గడ్డ ఉందని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం తీసేశారు, చేతులు కాళ్లు బాగానే ఆడాయి, తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. వారం తిరగకముందే జ్వరం వచ్చింది. ఊళ్లో ఐదు రోజులు సూదులు వేయించారు. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. చివరికి మెడ కొయ్యబారిపోయి, మాట తడబడుతుంటే కరీంనగర్ తీసుకొచ్చారు. నేను వార్డుకు వెళ్లి ఆయన భార్యను అడిగాను, కుట్ల దగ్గర ఏమన్నా కారిందా అమ్మా అని.

"చీము ఏం కారలే డాక్టరమ్మా. పొద్దున లేస్తే దిండు తడిసి ఉంటుండె. చెమట పట్టిందేమో అనుకున్నం. రోజూ గలేబు ఉతికి ఆరేసిన."

ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. దిండు తడిస్తే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె సంచిలో ఉన్న డిశ్చార్జి కాగితాలు నేను చూశాను. గడ్డ సైజు, మత్తు మందుల పేర్లు, స్కాన్ వివరాలు, అన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కుట్లు ఎప్పుడు విప్పాలో రాశారు. నీరు కారితే రమ్మని ఎక్కడా రాయలేదు.

నేను ఆపరేషన్లు చేసే డాక్టర్‌ను కాను. సూక్ష్మజీవుల పరీక్షలు నా పని. ఏళ్ల తరబడి ఈ గొట్టాలు చూస్తూ వచ్చినదాన్ని కాబట్టి, తల ఆపరేషన్ చేయించుకునే ప్రతి ఇంటికీ తెలియాల్సిన నాలుగు మాటలు రాయాలనిపించింది.

మెదడు నీరు పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అర లీటరు తయారవుతుంది. ఏ క్షణంలోనైనా లోపల ఉండేది నూటయాభై మిల్లీలీటర్లే, ఓ పెద్ద టీ గ్లాసుడు. అంటే ఈ నీరు రోజుకు మూడుసార్లకు పైగా మారిపోతూ ఉంటుంది, ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. దీన్ని లోపల పట్టి ఉంచేది డ్యూరా అనే గట్టి పొర. గడ్డ తీయాలంటే ఆ పొరను కోయక తప్పదు. తీశాక నీరు చుక్క కూడా బయటికి రాకుండా దాన్ని మూయాలి. అది అనుకున్నంత తేలిక కాదు. ముఖ్యంగా తల వెనక చేసే ఆపరేషన్లలో, ముక్కు గుండా పిట్యూటరీ గడ్డలు తీసే ఆపరేషన్లలో ఆ మూత కొన్నిసార్లు జారుతుంది. చేయి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా జారుతుంది. నీరు బయటికి రాగలిగిన దారిలోనే బయటి సూక్ష్మజీవి లోపలికి పోగలదు. చెరువు కట్టకు బుంగ పడితే నీళ్లు పోవడమే మనకు కనిపిస్తుంది, తల విషయంలో ఆ బుంగలోంచి లోపలికి వచ్చేదే ప్రాణం తీస్తుంది.

ఇది నా ఊహ కాదు. ప్యారిస్‌లో వరుసగా 6,243 తల ఆపరేషన్లను గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మా రంగంలో అందరూ చదివేదే. ఆపరేషన్ తర్వాత మెదడు పొరల ఇన్ఫెక్షన్, అంటే మెనింజైటిస్, అక్కడ నూటికి ఒకటిన్నర మందికి వచ్చింది. కోతకు ముందు ఇచ్చే యాంటీబయోటిక్ వల్ల కోత దగ్గర వచ్చే ఇన్ఫెక్షన్లు సుమారు సగానికి తగ్గాయి. మెనింజైటిస్ మాత్రం తగ్గలేదు. మందు ఇచ్చినవారిలో 1.50 శాతం, ఇవ్వనివారిలో 1.63 శాతం. తేడా లేనట్టే. మరి మెనింజైటిస్‌కు గట్టి కారణంగా తేలింది ఏమిటి? మెదడు నీరు కారడం. కోత దగ్గర ఇన్ఫెక్షన్ రావడం, రోగి మగవాడు కావడం, ఆపరేషన్ ఎక్కువ సేపు సాగడం ఆ తర్వాతివి.

"పెద్ద సూది ఇచ్చారు కదా, ఇంక ఇన్ఫెక్షన్ ఎట్లొస్తది" అని బంధువులు అడుగుతుంటారు. ఆ సూది చర్మాన్ని కాపాడుతుంది. కారుతున్న నీటిని ఆపే పని దానిది కాదు.

అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. మన చర్మం మీద మామూలుగా ఉండే సూక్ష్మజీవుల వల్ల మెనింజైటిస్ వస్తే చనిపోయినవారు తక్కువ. ఇతర రకాల వల్ల వస్తే ఎక్కువ. ప్యారిస్‌లో ముందుగా యాంటీబయోటిక్ ఇచ్చినవారిలో ఎక్కువగా కనిపించింది ఆ రెండో రకమే. మన ఆసుపత్రుల్లో, మన ఐసీయూల్లో కూడా ఆ రెండో రకానిదే పైచేయి. అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్. వెంటిలేటర్ గొట్టాల మీద, సింకుల్లో, మంచాల కమ్మీల మీద, కడుక్కోని చేతుల మీద బతికేవి ఇవి. ఐసీఎంఆర్ ఏటా వేసే నివేదికల్లో చూస్తే, పెద్ద ఆసుపత్రుల్లో దొరికే అసినెటోబాక్టర్లలో పదింట ఎనిమిదికి పైగా మెరోపెనెమ్‌కు లొంగడం లేదు. మెరోపెనెమ్ అంటే మొన్నటి దాకా మా చివరి ఆయుధాల్లో ఒకటి.

మెరోపెనెమ్ పనిచేయనప్పుడు కొలిస్టిన్ దగ్గరికి వెళ్లాలి. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970ల నాటికే వైద్యులు పక్కన పెట్టిన పాత మందు అది. గతి లేక మళ్లీ తీశాం. రక్తంలోకి ఎక్కిస్తే మెదడు నీటిలోకి సరిగా చేరదు. మెదడు రక్తనాళాలకు ఉన్న కాపలా గోడ దాన్ని ఆపేస్తుంది. అందుకే కొన్నిసార్లు వెన్నులోకి గానీ మెదడు గదుల్లోకి గానీ నేరుగా ఎక్కించాల్సి వస్తుంది. ఇంతటి మందును కోళ్లు బలంగా పెరగాలని మేతలో కలిపేవాళ్లు. 2019 జూలైలో కేంద్రం ఆ వాడకాన్ని నిషేధించింది. ఆలస్యమైనా మంచి పని.

ఈ సందర్భంలో పటాన్‌చెరు గురించి చెప్పకుండా ఉండలేను. అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీరు పోయిన వాగులు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే బాసర మీదుగా మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మధ్యకు వస్తుంది. జగిత్యాల రైతుకు వచ్చిన ఇన్ఫెక్షన్ ఆ నీళ్ల వల్లేనని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. యాంటీబయోటిక్‌ను మనం వాగుల్లో పారించాం, కోళ్ల మేతలో కలిపాం, జలుబుకు మింగాం. ఈ మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వచ్చాయని ఇప్పుడు ఆశ్చర్యపోయే హక్కు మనకు లేదు. 1948లో లోకానికి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను అందించిన లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పోయి ఎనభై ఏళ్లు కూడా కాకముందే ఆ మందులను ఈ స్థితికి తెచ్చుకున్నాం.

ఇక ఒంట్లోనే ఉండే కారణాలు. గడ్డ చుట్టూ మెదడు వాచిపోతే ఆ వాపు తగ్గించడానికి డెక్సామెథాసోన్ ఇస్తారు. ఇది అవసరమైన మందు, చాలామందిని ఆపరేషన్ దాకా బతికించేది ఇదే. కానీ స్టెరాయిడ్. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది, షుగర్‌ను పెంచుతుంది. మన రాష్ట్రంలో పెద్దవాళ్లలో పదిమందికి ఒకరికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ సర్వే చెబుతోంది. ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో చాలామందికి అది ఆపరేషన్ ముందు పరీక్షల్లోనే మొదటిసారి బయటపడినట్టు ఉంటుంది నాకైతే. పల్లెల్లో అంతకుముందు రక్తం పరీక్ష చేయించుకున్నవాళ్లే తక్కువ. స్టెరాయిడ్, షుగర్ కలిస్తే ఏమవుతుందో 2021లో మనమంతా కళ్లారా చూశాం. కొవిడ్ తగ్గి ఇంటికి పోయినవాళ్లు కన్ను వాచి, ముక్కు నల్లబడి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బారులు తీరారు. బ్లాక్ ఫంగస్ మెదడు దాకా పాకింది. ఆ పాఠం మరిచిపోవడానికి ఇంకా చాలినంత కాలం గడవలేదు.

డెక్సామెథాసోన్ ఇంకో పని కూడా చేస్తుంది. జ్వరాన్ని అణిచేస్తుంది. లోపల చీము చేరుతున్నా థర్మామీటర్ మామూలుగానే చూపిస్తుంది. అందుకే తల ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో జ్వరం లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. రెండు రోజులుగా తలనొప్పి పెరుగుతోందా, వెలుతురు చూస్తే కళ్లు మూసుకుంటున్నారా, నిద్ర ఎక్కువైందా, మాట పొంతన లేకుండా వస్తోందా, కొత్తగా ఫిట్స్ వచ్చాయా అన్నవి చూడాలి. ఈ సంగతి విని గోళీలు మీరే ఆపేయకండి. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, మెల్లగా తగ్గించాల్సింది డాక్టరే.

థియేటర్ సంగతికి వస్తే, నాలుగు గంటలు దాటిన ఆపరేషన్, రాత్రికి రాత్రి చేసిన ఎమర్జెన్సీ, కొద్ది రోజుల్లోనే రెండోసారి తల తెరవడం, ఇంతకుముందే రేడియేషన్ తీసుకున్న చర్మం, వీటన్నిటిలోనూ ప్రమాదం పెరుగుతుందని పాత అధ్యయనాలు చెబుతాయి. గడ్డ నీటి దారికి అడ్డం పడితే తలలో గొట్టం పెట్టి నీటిని బయటి సంచిలోకి తీస్తారు. ఆ గొట్టం ప్రాణం నిలుపుతుంది. లోపల ఉన్న ప్రతి రోజూ, మూత తెరిచిన ప్రతి సారీ ప్రమాదం కూడా పెరుగుతుంది. ఎన్నో రోజు అని నర్సు మంచం దగ్గర బోర్డు మీద రాసి పెట్టే వార్డుకు, రాయని వార్డుకు ఉన్న తేడా మా ల్యాబ్‌లో కనిపిస్తుంది. జుట్టు విషయం కూడా చెప్పాలి. ముందు రోజు రాత్రి మంగలిని పిలిచి బ్లేడుతో నున్నగా గీయించడం ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. బ్లేడు చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది, తెల్లారేసరికి వాటిలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే గట్టిగా చెప్పింది. తీయక తప్పకపోతే మెషిన్ క్లిప్పర్‌తో తీయాలి. ఇందుకు కోట్లు ఖర్చు కావు.

సర్జన్లను నిందించడానికి ఇదంతా రాయడం లేదు. ఎనిమిది గంటలు నిలబడి, ఊపిరి బిగబట్టి మెదడు కాండం పక్క నుంచి గడ్డను ఒలిచిన చేతులను నేను చూశాను. వాళ్ల శ్రమ మూడు వారాల తర్వాత ఏదో పల్లెలో వృథా అవుతుంటే ఆ కబురు కూడా వాళ్లకు అందడం లేదు. నా బాధ అదీ.

దూరం లెక్క చూడండి. కరీంనగర్ నుంచి హైదరాబాద్ నూటఅరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆదిలాబాద్ నుంచి మూడు వందలు. అందుకే ఆదిలాబాద్ వాళ్లు చాలామంది రెండు వందల కిలోమీటర్లలో ఉన్న నాగపూర్ పోతారు. ఉట్నూరు, జైనూరు లోపలి గూడేల నుంచైతే రోడ్డెక్కడానికే పూట పడుతుంది, వాగు పొంగితే ఆ పూట కూడా చేతిలో ఉండదు. ఆపరేషన్‌కు ఎలాగోలా పోతారు. పొలం అమ్మో, అప్పు చేసో, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకునో పోతారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది, అది పెద్ద ఆసరా. కానీ దిండు తడిసిందని ఎవరూ మూడు వందల కిలోమీటర్లు పోరు. సందు చివర సూది వేసే మనిషి ఉంటాడు. ఆయన మంచివాడే, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ఆయన చేతిలో ఉన్నది సెఫ్ట్రియాక్సోన్, డెక్సా, పారాసెటమాల్. ఆ మూడూ కలిపి ఇస్తే రెండు రోజులు జ్వరం పోతుంది.

జగిత్యాల రైతు విషయంలో అదే జరిగింది. మా దగ్గర మొదటి కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఐదు రోజుల సూదులు సూక్ష్మజీవిని చంపలేదు, మాకు కనపడకుండా చేశాయి. శత్రువు ఎవరో తెలియకుండానే డాక్టర్లు మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండోసారి తీసిన నీటిలో క్లెబ్సియెల్లా పెరిగింది. దాని మీద మందుల బిళ్లలు పెట్టి పళ్లేన్ని మర్నాడు తెరిచి చూస్తే, ఒక్కో బిళ్ల చుట్టూ తేటగా ఖాళీ వలయం ఏర్పడాలి. దాదాపు ఏ బిళ్ల చుట్టూ ఏర్పడలేదు. పచ్చిక బయలు మీద పైసలు పరిచినట్టు బిళ్లల అంచు దాకా అల్లుకుపోయింది. ఆ పళ్లెం పట్టుకొని నేను కాసేపు కూర్చుండిపోయాను. పక్క మంచంలో ఉన్న రోగికి కూడా అది పాకగలదని తెలుసు కాబట్టి, ముందు ఐసీయూకు ఫోన్ చేశాను.

ఆయన బతికాడు. నీరు కారుతున్న చోటు మళ్లీ కుట్టారు, వెన్నులోకి నేరుగా మందు ఎక్కించారు, వారాల తరబడి ఉన్నాడు. ఈలోగా గడ్డ పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్ మొదలుపెట్టాల్సిన రోజు వచ్చింది, పోయింది. చీము ఉన్న తలకు రేడియేషన్ ఇవ్వరు. ఇన్ఫెక్షన్ తిన్న ఆ వారాలు క్యాన్సర్‌కు దొరికిన వారాలు. ఈ నష్టం ఏ రికార్డులోనూ ఇన్ఫెక్షన్ పేరు మీద నమోదు కాదు.

ఊళ్లో ఉన్న డాక్టర్లకు ఒక మాట. సూది ఆలస్యం చేయమని నేను అనడం లేదు. మనిషి స్పృహ తప్పుతుంటే ముందు రక్తం కల్చర్‌కు తీసి, వెంటనే మందు ఇచ్చి, 108 పిలిచి పంపండి. తల ఆపరేషన్ అయిన మనిషికి స్కాన్ చూడకుండా వెన్ను నీరు తీయకండి. కానీ నడిచి వచ్చి కూర్చుని మాట్లాడుతున్న మనిషికి, తల మీద కుట్లు కనిపిస్తుండగా, ఏ పరీక్షా లేకుండా ఐదు రోజుల కోర్సు మొదలుపెట్టకండి. ఆ ఐదు రోజుల విలువ ఎంతో మాకు తెలుసు. సెఫ్ట్రియాక్సోన్ లాంటివాటిని చీటీ లేకుండా అమ్మకూడదని హెచ్1 షెడ్యూల్ 2014 నుంచి చెబుతోంది. మెడికల్ షాపుల వాళ్లకు ఇది తెలియని సంగతి కాదు.

ఈ నష్టం ఎందుకు ఎవరి కంటా పడదో చెబుతాను. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని తేలింది. రాష్ట్రం కదిలింది, విచారణ జరిగింది, మిగిలినవాళ్లను హైదరాబాద్ తెచ్చి కాపాడారు. ఒకేచోట ఒకే వారంలో జరిగింది కాబట్టి కంటికి కనిపించింది. తల ఆపరేషన్ల తర్వాతి మరణాలు అలా రావు. ఒకటి కాగజ్‌నగర్‌లో, ఒకటి మెట్‌పల్లిలో, ఒకటి బోథ్‌లో, నెలకొకటి, రెండు నెలలకొకటి. ఊళ్లో "తలల గడ్డతో పోయిండు" అంటారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డులో ఆ మనిషి బాగై ఇంటికి పోయినట్టే ఉంటుంది.

తల ఆపరేషన్ తర్వాత తొంభై రోజుల దాకా లోతైన ఇన్ఫెక్షన్లను లెక్కపెట్టాలన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. కొందరిలో కోసి తిరిగి పెట్టిన ఎముక ముక్కలో చీము నెలల తర్వాత కూడా బయటపడుతుంది. మన దగ్గర ఆసుపత్రులు ఈ లెక్కను ప్రజల ముందు పెట్టాలన్న నిబంధన లేదు. నేను అడిగేవి మూడు. మొదటిది ఈ లెక్క. ఆరోగ్యశ్రీ ట్రస్టు తలచుకుంటే చేయగలదు. డబ్బు కట్టేది ట్రస్టు, ప్రతి రోగి ఫోన్ నంబరు ఉన్నది ట్రస్టు దగ్గర, ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉన్నాడు. పదో రోజు, ముప్పయ్యో రోజు, తొంభయ్యో రోజు మూడు ఫోన్లు. దిండు తడుస్తోందా, కుట్లు ఎర్రబడ్డాయా, మళ్లీ ఆసుపత్రిలో చేరారా అని మూడు ప్రశ్నలు. ఆదిలాబాద్ గూడేల్లో ఆ ప్రశ్నలు గోండిలో, కొలామీలో, మరాఠీలో అడగాలి. ఆశా కార్యకర్తకు ఆ భాష వచ్చు.

రెండోది ల్యాబ్. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ ఇప్పుడు ఎనిమిది జిల్లాలు. ఆదిలాబాద్ రిమ్స్ 2008లో వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. జిల్లాకొకటి. ప్రతి మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి. అంటే కాగితం మీద ఎనిమిది జిల్లాల్లోనూ కల్చర్ చేయగల చోటు ఉంది. రాత్రి పదకొండు గంటలకు వచ్చిన నీటి గొట్టాన్ని తెల్లారేదాకా ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఆ రాత్రే కల్చర్‌కు పెట్టే మనిషి ప్రతిచోటా ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రకాల సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మర్నాటి కల్చర్ అబద్ధం చెబుతుంది. ఎనిమిది చోట్లా ఒక్కో రాత్రి డ్యూటీ టెక్నీషియన్. ల్యాబ్ విషయంలో నేను అడుగుతున్నది ఇంతే.

మూడోది, రోగిని ఇంటికి పంపేటప్పుడు తెలుగులో ఒక్క పేజీ చీటీ. పెద్ద అక్షరాలతో, కింద ఫోన్ నంబరుతో. ఇది రేపే చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా వైపు ఇంకో సంగతి ఉంది. తలకు ఆపరేషన్ అంటే ఇంట్లో ఎవరో ఒకరు వేములవాడ రాజన్నకు తలనీలాలు మొక్కుకుంటారు. గండం గడిచిందన్న సంతోషంలో నెల తిరగకముందే తీసుకుపోయి, పచ్చి మచ్చ మీద కత్తి ఆడించి, ధర్మగుండంలో ముంచుతారు. కొందరు ధర్మపురిలోనో బాసరలోనో గోదావరి స్నానం చేయిస్తారు. నేనూ రాజన్నకు మొక్కుకున్నదాన్నే, నమ్మకాన్ని తక్కువ చేయను. ముందు కోడెను కట్టి మొక్కు చెల్లించండి. తలనీలాలు, గుండంలో స్నానం సర్జన్ సరేనన్నాకే. కుట్ల మీద పసుపు, నూనె, విభూది పెట్టకండి. చూడటానికి వచ్చిన చుట్టాలు ప్రేమతో తల నిమురుతారు, నిమరనివ్వకండి.

ఇక నీరు కారడాన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. ముక్కు గుండా ఆపరేషన్ అయితే, ముందుకు వంగినప్పుడు ఒక ముక్కులోంచి నీళ్లలా చుక్కలు పడతాయి. పడుకుంటే గొంతులోకి జారి ఉప్పగా అనిపిస్తుంది. జలుబు అనుకుని గోళీ వేస్తారు. ఒక తెల్ల రుమాలు మీద ఆ చుక్కలు పట్టి ఆరనివ్వండి. చీమిడి అయితే ఆరాక గుడ్డ గంజి పెట్టినట్టు గట్టిపడుతుంది. మెదడు నీరైతే గుడ్డ మెత్తగానే ఉంటుంది. ఇది చాలా పాత కిటుకు, తుది పరీక్ష ల్యాబ్‌లోనే. అలాంటి మనిషి ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువు ఎత్తకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు. తల వెనక ఆపరేషన్ అయితే కుట్ల కింద నీటి బుడగలా ఉబ్బుతుంది, లేదా కుట్టు సందులోంచి తేటగా ఊరుతుంది. చీములా ఉండదు, రంగు ఉండదు, వాసన ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

తల ఆపరేషన్ అయిన మనిషి మీ ఇంట్లో ఉంటే మొదటి మూడు నెలలు పొద్దున్నే దిండు తడిమి చూడండి. తడిగా ఉంటే ఆ గలేబు ఉతకకండి. అట్లనే సంచిలో పెట్టుకొని, అదే రోజు, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి రోగిని తీసుకుపోండి.